ఎకరా ఇరవై సెంట్లలో అథ్లెటిక్స్: తిరుపతి శివార్లలోని ఓ చిన్న కాలేజీ గ్రౌండు ఎలా ఉంది?

గుండు, డిస్కస్ వేసే పిల్లలకూ, 800 మీటర్లు ఆపైన పరిగెత్తేవాళ్లకూ ఈ కాలేజీ బాగా పనికొస్తుంది. వంద, రెండొందల మీటర్ల వాళ్లు సర్దుకుపోవచ్చు. హర్డిల్స్, హైజంప్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇంకో చోటు చూసుకోవడం మేలు. కాలేజీ పేరు రాయడం లేదు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇలాంటి గ్రౌండే ఉన్న డిగ్రీ కాలేజీకి ఎక్కడికి వెళ్లినా, కింద రాసిన కొలతలను టేపు పట్టుకుని సరిచూసుకోవచ్చు.

ముందు స్థలం సంగతి. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్‌కి పొడవు దాదాపు 177 మీటర్లు, వెడల్పు 92.5 మీటర్లు కావాలి. అంటే నాలుగెకరాల పైమాటే. ఊరి అంచున ఈ రోజుల్లో నాలుగెకరాలు ఖాళీగా ఉంచే యాజమాన్యం ఎక్కడుంది? అందుకే చిన్న కాలేజీలు 200 మీటర్ల ట్రాక్‌తో సరిపెడతాయి. ఇక్కడ ఆరు లేన్లు, స్ట్రెయిట్ (తిన్నని భాగం) 40 మీటర్లు, లోపలి గీత వ్యాసార్థం 18.80 మీటర్లు. మొత్తం 92 మీటర్ల పొడవు, 52 మీటర్ల వెడల్పు, దగ్గర దగ్గర ఎకరా ఇరవై సెంట్లు. చిన్నదని తీసిపారేయక్కర్లేదు. రెండు బెండ్ల (వంపుల) కేంద్రాల్లోనూ కాంక్రీటు పోసి ఇనుప మేకులు దిగ్గొట్టారు. ఏటా కొత్తగా వెతుక్కునే పని లేదు. మేకుకూ మేకుకూ మధ్య సరిగ్గా 40 మీటర్లు ఉంది. గీతలు కూడా పురికొసతో కాకుండా స్టీలు టేపుతోనే గీస్తున్నారు. పురికొస లాగేకొద్దీ సాగుతుంది. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా వచ్చే వంపులకు సగం కారణం అదే.

అయితే అసలు తప్పు కూడా ఇక్కడే దొరికింది. పుస్తకాల్లో ఉండే వ్యాసార్థాలు లోపలి అంచున కర్బ్ (నేల మీద నుంచి కొద్దిగా లేచిన గట్టు) ఉందనుకుని లెక్కగట్టినవి. కర్బ్ ఉంటే మొదటి లేన్‌ను దాని నుంచి 30 సెంటీమీటర్లు బయటికి కొలవాలి. ఉత్త ముగ్గు గీతే అయితే 20 సెంటీమీటర్ల దగ్గర కొలవాలి. ఈ గ్రౌండులో కర్బ్ లేదు, గీత మాత్రం 18.80 దగ్గరే గీశారు. దాంతో మొదటి లేన్ ఒక చుట్టు 200 మీటర్లు రాదు, 199.38 వస్తుంది. ఒక చుట్టుకు 62 సెంటీమీటర్లే కదా అనుకుంటాం. 5,000 మీటర్లంటే ఇక్కడ 25 చుట్లు. మొత్తం మీద పదిహేను మీటర్ల పైన తరుగు. 16 నిమిషాల్లో పూర్తిచేసే కుర్రాడికి మూడు సెకన్లు ఊరికే వచ్చినట్టు. ఆ టైమింగ్ నమ్ముకుని యూనివర్సిటీ మీట్‌కి వెళితే అక్కడ తెలుస్తుంది. దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. 5 సెంటీమీటర్ల ఎత్తున ప్లాస్టిక్ పైపో ఇటుక వరసో లోపలి అంచున పెట్టడం ఒకటి, వ్యాసార్థం 18.90కి జరపడం రెండోది. రెండోదానికి పైసా ఖర్చు లేదు, కాకపోతే స్టాగర్లన్నీ (బయటి లేన్ల వాళ్లను ముందుకు జరిపి నిలబెట్టే గీతలు) మళ్లీ గీయాలి.

స్టాగర్ల విషయంలో మాత్రం పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారిని మెచ్చుకోవాలి. 200 మీటర్ల పందానికి రెండో లేన్ వాడిని 3.52 మీటర్లు ముందు నిలబెట్టాలని చాలామంది బట్టీ పట్టి ఉంటారు. అది 400 మీటర్ల ట్రాక్ లెక్క, అక్కడ 200 అంటే సగం చుట్టు. ఈ గ్రౌండులో 200 అంటే పూర్తి చుట్టు కాబట్టి 7.04 రావాలి. చుట్టు చిన్నదైనా పెద్దదైనా పూర్తి చుట్టుకు స్టాగర్ మారదు, ఎందుకంటే అది లేన్ వెడల్పు మీద ఆధారపడేదే తప్ప బెండ్ వ్యాసార్థం మీద కాదు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు, మూడో లేన్‌కి 14.70, నాలుగుకి 22.37, ఐదుకి 30.03, ఆరుకి 37.70. ఇక్కడి గీతలు వీటితో కలిశాయి. రేపు కర్బ్ పెట్టకుండా వ్యాసార్థం 18.90కి మారిస్తే రెండో లేన్ స్టాగర్ 7.67 అవుతుంది, మిగతావి కూడా అదే లెక్కన లేన్‌కి 7.67 చొప్పున పెరుగుతాయి. మేకుల మీద ఇంత శ్రద్ధ పెట్టిన మనిషికి ఈ ఒక్క పది సెంటీమీటర్లు ఎలా తప్పిపోయాయో మరి.

నేల గరుసు కలిసిన ఎర్రమట్టి. మన జిల్లాల్లో దొరికేదే, తొక్కితే గట్టిపడుతుంది, నిర్లక్ష్యం చేస్తే రాళ్లు పైకి తేలతాయి. సాయంత్రం నీళ్లు కొట్టి, తెల్లారి మట్టి చేతికి అంటకుండా ముద్ద కట్టే తేమలో ఉన్నప్పుడు రోలర్ తిప్పాలి. బురదగా ఉన్నప్పుడు తిప్పితే మట్టి రోలర్‌కి అంటుకుని పెళ్లలుగా లేస్తుంది. ఎండిపోయాక తిప్పితే రోలర్ లాగినవాళ్ల చెమట తప్ప ఏమీ మిగలదు. ఇక్కడ నీళ్లూ రోలరూ వారానికి రెండుసార్లు, అది సరిపోతుంది. లోపం వాలులో ఉంది. ట్రాక్ అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలికి నూటికి ఒకటి మించకూడదు, అంటే ఆరు లేన్ల వెడల్పు మీద ఏడు సెంటీమీటర్లు. పరిగెత్తే దిశలో వెయ్యికి ఒకటి. ఈ స్థలం కొండవైపు నుంచి సహజంగానే వాలి ఉంది. తూర్పు బెండ్ దగ్గర పడే వాన నీరంతా ట్రాక్‌ని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. కాలువ తవ్వారు గానీ ట్రాక్‌కి లోపలివైపు తవ్వారు. నీళ్లు వచ్చేది బయటి నుంచి!

ఆ కాలువ ఇంత పెద్ద విషయం ఎందుకైందంటే, మనకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కాలేజీ మీట్ల హడావిడి మొదలయ్యేదీ ఆ నెలల్లోనే. కపిలతీర్థంలో జలపాతం దూకిందంటే ఈ గ్రౌండు మూడు రోజులు పనికిరాదని లెక్కేసుకోవచ్చు. ఆ రోజుల్లో పిల్లలను వరండాలో మెట్లెక్కిస్తారు, మెడిసిన్ బాల్ వేయిస్తారు. ఖాళీగా కూర్చోబెట్టడం లేదు, అది నయం.

ముగ్గు విషయంలో ఒక హెచ్చరిక. గోడౌన్ పక్కన కాల్చిన సున్నం బస్తాలు రెండు కనిపించాయి. తడవని సున్నం చెమట మీద పడితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. గీతలకు ఇళ్ల ముందు వేసే ముగ్గుపిండి చాలు. ఆరు లేన్లకు ఏడు గీతలు, 5 సెంటీమీటర్ల వెడల్పున మొత్తం కిలోమీటరున్నర పైన గీయాలి. పిండి ఎక్కువ పడుతుందన్న మాట నిజమే, సున్నం చౌకన్నదీ నిజమే. అయినా వద్దు.

100 మీటర్ల స్ట్రెయిట్ ఈ ట్రాక్‌లో పట్టదు కాబట్టి ప్రహరీ పక్కన నాలుగు లేన్లతో విడిగా గీశారు. స్టార్టింగ్ గీతకు వెనక కనీసం 3 మీటర్లు, ఫినిష్ దాటాక కనీసం 17 మీటర్లు ఖాళీ ఉండాలి. ఇక్కడ ఫినిష్ తర్వాత 11 మీటర్లే ఉంది, ఆపైన సైకిల్ స్టాండు ఇనుప పైపులు. గట్టిగా పరిగెత్తే కుర్రాడు అవి కళ్ల ముందు ఉంటే 90 మీటర్ల దగ్గరే పట్టు వదిలేస్తాడు, అలవాటుగా మారుతుంది. వెనక నీళ్ల ట్యాంకు దాకా పది మీటర్లు ఊరికే పడి ఉంది. స్టార్టూ ఫినిషూ ఆరు మీటర్లు వెనక్కి జరిపితే సమస్యే ఉండదు.

నోటీసు బోర్డులో 100 మీటర్ల కాలేజీ రికార్డు 11.1 అని రాసి ఉంది. చేతి స్టాప్‌వాచ్ టైము అది. ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలంటే 100, 200లకు 0.24 సెకన్లు, 400కి 0.14 కలపాలి. అంటే 11.34 అన్నమాట. అది తక్కువేం కాదు, కానీ 11.1 అనుకుని ఎంట్రీ పంపడం వేరు. 200 మీటర్ల టైములకు ఇంకో చిక్కుంది. మామూలు ట్రాక్‌లో ఒక్క బెండ్, 36.50 మీటర్ల వ్యాసార్థంతో. ఇక్కడ రెండు బెండ్లు, అందులో సగం వ్యాసార్థంతో. ఇక్కడ తీసిన 200 టైము చూసి దిగులుపడితే అర్థం లేదు.

రిలే మార్కులు పాతవి. 2017 చివర్లో నిబంధన మారి 4×100లో బ్యాటన్ మార్చుకునే జోన్ 30 మీటర్లైంది. పాత పది మీటర్ల పరుగందుకునే చోటు కూడా జోన్‌లో కలిసిపోయింది. ఇక్కడ ఇప్పటికీ 20 మీటర్ల జోన్, వెనక పది మీటర్ల చిన్న గీత. పాత గీతల మీద సాధన చేసిన జట్టు డిస్‌క్వాలిఫై కాదు. కానీ మొదటి పది మీటర్లలో బ్యాటన్ అందితే ఫౌలనుకుని చేయి వెనక్కి పెట్టడానికే జంకుతారు. 4×400కి 20 మీటర్లే, అది మారలేదు.

ఈ ట్రాక్ నిజంగా కలిసొచ్చేది 800, 1500 వాళ్లకు. 200కి ఒకసారి పిల్లవాడు పీడీ ముందు నుంచే పోతాడు, కుర్చీలోంచి లేవకుండా స్ప్లిట్ (చుట్టు టైము) చెప్పొచ్చు. 1500ని 4 నిమిషాల 20 సెకన్లలో కొట్టాలంటే చుట్టుకు 34.7 సెకన్లు. ఆ లెక్క రాసిన అట్టముక్క ఫినిష్ దగ్గర తాడుకు వేలాడుతోంది. పిల్లలకు వేగం ఒంటికి పట్టడానికి ఇంతకంటే చౌకైన సాధనం లేదు. 1500 అంటే ఏడున్నర చుట్లు, స్టార్టు అవతలి స్ట్రెయిట్‌లో ఉండాలి. ఇక్కడ గీత సరిగ్గానే ఉంది. ఇబ్బందల్లా ఇరుకు బెండ్లు. ఎప్పుడూ ఎడమకే తిరగడంతో ఎడమ చీలమండ, పిక్క ఎముక ముందువైపు నొప్పి మొదలవుతుంది. వార్మప్, కూల్‌డౌన్ రెండూ కుడివైపు తిరిగేలా చేయిస్తే భారం సమానమవుతుంది. పీడీ గారు కూల్‌డౌన్ ఒక్కటే అలా చేయిస్తున్నారు.

ఆదివారాల్లో దూరం పరిగెత్తేవాళ్లను అలిపిరి మెట్లకు పంపుతారట. 3,550 మెట్లు, బలానికి మంచిదే. ఎక్కేటప్పుడు నడకా పరుగూ కలిపి ఎక్కమనండి, దిగడం మాత్రం బస్సులో. మెట్లు దూకుతూ దిగితే మోకాళ్లు పోతాయి. పైగా వేకువన గోవిందా అంటూ వట్టి కాళ్లతో ఎక్కే భక్తుల మధ్య స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తడం బాగుండదు.

ఇక గుండు, డిస్కస్. ఈ కాలేజీకి చేరాలనిపించేది వీటి కోసమే. గుండు సర్కిల్ 2.135 మీటర్లు, డిస్కస్ సర్కిల్ 2.50 మీటర్లు, రెండూ ఇనుప రిమ్ముతో, లోపల కాంక్రీటుతో. కాంక్రీటు రిమ్ము కంటే రెండు సెంటీమీటర్లు దిగువన ఉంది, అలాగే ఉండాలి. చాలా చోట్ల మేస్త్రీ తన పనితనమంతా చూపించి సిమెంటు అద్దంలా నున్నగా తేలుస్తాడు. దాని మీద తిరిగితే బూటు జారి నడుము పట్టేస్తుంది. ఇక్కడ తడిగా ఉన్నప్పుడే చీపురుతో గీతలు పెట్టించారు. గ్లైడ్‌కి (గుండు వేసే ముందు సర్కిల్లో జారుతూ రావడానికి) సరిపడా జారుతుంది, తిరగడానికి సరిపడా పట్టు ఇస్తుంది. గుండు సర్కిల్ ముందు పది సెంటీమీటర్ల ఎత్తు చెక్క స్టాప్‌బోర్డు వంపు సరిగ్గా కుదిరింది.

సెక్టార్ గీతలు (విసిరింది పడాల్సిన చోటుకు హద్దులు) చూస్తే పని తెలిసినవాళ్లు గీశారని తెలిసిపోతుంది. 34.92 డిగ్రీలు ప్రొట్రాక్టర్‌తో వచ్చేది కాదు. సర్కిల్ మధ్య నుంచి రెండు గీతల మీదా 20 మీటర్లు కొలిచి, ఆ రెండు బిందువుల మధ్య సరిగ్గా 12 మీటర్లు వస్తే కోణం కుదిరినట్టే. ఇక్కడ వచ్చింది. జావెలిన్‌కి 20 మీటర్ల దగ్గర 10 మీటర్లు రావాలి. అదీ వచ్చింది, కాకపోతే రన్‌వే 26 మీటర్లే. కనీసం 30 కావాలి. అడుగులు లెక్కపెట్టుకుని సాధన చేసే కుర్రాడికి ఆ నాలుగు మీటర్లు లోటే.

బరువులు: అబ్బాయిల గుండు 7.26 కిలోలు, అమ్మాయిలది 4 కిలోలు. డిస్కస్ 2 కిలోలు, 1 కిలో. జావెలిన్ 800 గ్రాములు, 600 గ్రాములు. పాత ఇనుప గుండ్లు తుప్పుపట్టి రాలుతూ రాలుతూ తూకం తగ్గుతాయి. మీట్‌లో తూచినప్పుడు పక్కన పెట్టేస్తారు. ఇక్కడున్న ఐదు గుండ్లలో ఒకటి 7.19 తూగింది. దాన్ని సాధనకు ఉంచుకుని, మీద ఎర్ర పెయింటు చుక్క పెడితే చాలు. చిల్లర కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద ఆరు నెలలకోసారి తూచుకోవడం ఏ కాలేజీకైనా మంచిది.

డిస్కస్ కేజ్ సొంతంగా కట్టుకున్నారు, పాత బోరు పైపులు పాతి నైలాన్ వల వేలాడదీశారు. ఎత్తు నాలుగు మీటర్లకు తగ్గలేదు. వల బిగుతుగా కాకుండా వదులుగా వేలాడుతోంది. అదే సరైన పద్ధతి, బిగిస్తే డిస్కస్ తగిలి వెనక్కి ఎగురుతుంది. కన్నాలు 44 మిల్లీమీటర్లకు మించకూడదు, మించలేదు. కుడివైపు కింద అంచు మాత్రం నేలకు కట్టలేదు. డిస్కస్ కింద నుంచి దూరి లేన్‌లోకి పోవడానికి ఆ సందు చాలు. రెండు ఇసుక మూటలు పెడితే అయిపోయే పని. పొద్దున ట్రాక్ మీద పిల్లలున్నంతసేపూ విసరనివ్వరు, సాయంత్రం ఆరు తర్వాతే. ఆ కట్టుబాటు గట్టిగా పాటిస్తున్నారు.

లాంగ్‌జంప్ పిట్‌లో స్వర్ణముఖి ఇసుక, సన్నగా, రాళ్లు ఏరినది. రోజూ దూకే ముందు పారతో అడుగు లోతు తిరగేసి, నీళ్లు చల్లి, బోర్డు మట్టానికి సమం చేస్తున్నారు. పిట్ వెడల్పు 2.75 మీటర్లు, రన్‌వే 40 మీటర్లు, సరిపోయాయి. ట్రిపుల్‌జంప్‌కి ఒక్కటే బోర్డు, పిట్‌కి 11 మీటర్ల దూరంలో. అమ్మాయిలకు సరే. అబ్బాయిలకు మీట్‌లో 13 మీటర్ల దగ్గర ఉంటుంది. 11 మీద అలవాటైన కుర్రాడు అక్కడ చివరి అడుగు ఇసుకలో పడుతుందో లేదోనన్న భయంతోనే దూకుతాడు. రెండో బోర్డు పాతించాలి.

హైజంప్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. 5 మీటర్లకు 3 మీటర్లు, 70 సెంటీమీటర్ల ఎత్తు ఉండాల్సిన మ్యాట్ స్థానంలో రెండు జిమ్నాస్టిక్స్ పరుపులు పక్కపక్కన వేశారు, మధ్యలో జానెడు సందు. దాని మీద వెనక్కి పడే ఫాస్‌బరీ ఫ్లాప్ నేర్పితే మెడ మీదకే వస్తుంది. మ్యాట్ వచ్చేదాకా కత్తెర దూకుడు (ఒక కాలి తర్వాత ఒక కాలు దాటించడం) తప్ప ఏదీ వద్దు. అమ్మానాన్నలు ఈ ఒక్కటి పిల్లలకు గట్టిగా చెప్పండి.

హర్డిల్స్ వెల్డింగ్ షాపులో చేయించినవి, కాళ్లు రెండువైపులా ఉన్నాయి. అసలు హర్డిల్ కాళ్లు పరిగెత్తివచ్చేవాడి వైపే ఉంటాయి, పైకొయ్యకు నాలుగు కిలోల లోపు తోపు తగిలితే ముందుకు పడిపోవాలి. ఇవి పడవు, మనిషే పడతాడు. ఎత్తు కూడా ఒక్కటే, 91 సెంటీమీటర్లు. అమ్మాయిల 100 మీటర్ల హర్డిల్స్‌కి 83.8 సెంటీమీటర్లు కావాలి, మధ్య దూరం 8.50 మీటర్లు. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం తెచ్చిన మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ ఫొటో పీడీ గదిలో పెట్టుకున్నారు. ఆ గది ఎదురుగా ఉన్న హర్డిల్స్ చూస్తే జాలేస్తుంది.

శిక్షణ పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర. ఏప్రిల్, మే ఎండల్లో సాయంత్రం సెషన్ ఐదున్నరకు జరుపుతారు, మంచి పని. పీడీ ఒక్కరే, పిల్లలు నలభైకి దగ్గర. విసిరేవాళ్ల మీద, దూరం వాళ్ల మీద ఆయన కన్ను ఉంటుంది, స్ప్రింటర్లను సీనియర్లకు వదిలేస్తున్నారు. ఫలితం కనిపిస్తూనే ఉంది. 30 మీటర్లు పూర్తి వేగంతో ఆరుసార్లు అని బోర్డు మీద రాశారు. ఒక్కోదానికి మధ్య రెండు మూడు నిమిషాలు ఆగాలి. వరస కట్టి నిమిషానికోసారి పరిగెత్తిస్తున్నారు. మూడోదానికే వేగం పడిపోతుంది, అక్కడి నుంచి జరిగేది ఓపిక సాధనే, స్పీడ్ సాధన కాదు. సగం మందిని స్టార్ట్‌లకూ సగం మందిని వ్యాయామాలకూ మార్చి మార్చి పంపితే విశ్రాంతి దానంతటదే కుదురుతుంది.

తిండి: సాధనయ్యాక గుడ్డు, ఉడకబెట్టిన చెనక్కాయలు, బెల్లం. హాస్టల్ వాళ్లకు వారానికి మూడు రోజులు రాగి సంకటి. ఇంతకంటే ఏం కావాలి? నీళ్ల డ్రమ్ము మాత్రం ఎండలోనే ఉంది. ఓఆర్ఎస్ పొట్లాలున్నాయి గానీ లీటరుకు కలపాల్సిన పొట్లాన్ని బకెట్‌లో కలిపేస్తున్నారు, అప్పుడది ఉత్త నీళ్లే. అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గది ఉంది, గొళ్లెం పనిచేస్తోంది. సాయంత్రం సెషన్ అయ్యాక ఊళ్లకు వెళ్లేవాళ్లు ఆర్టీసీ బస్సు టైము ముందే చూసుకోవాలి. పీడీ అడిగితే పావుగంట ముందు వదులుతారు.

సర్టిఫికెట్ల గురించి ఇక్కడ చేరేవాళ్లలో చాలామందికి తప్పు లెక్క ఉంది. కాలేజీల మధ్య జరిగే మీట్‌లో పతకం వస్తే కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందనుకుంటారు. పనికిరాదు. యూనివర్సిటీ తరఫున అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడాలి, దానికి ఇచ్చే పత్రం ఫారం 3. అది కాలేజీ ఇచ్చేది కాదు, యూనివర్సిటీ క్రీడా విభాగం సంతకంతో వస్తుంది. ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) పరిధిలో జట్టుకు ఎంపిక కావడమే అసలు గడప.

అథ్లెటిక్స్‌కి విడిగా ఫీజు లేదు, స్పైక్స్ (అడుగున పిన్నులుండే బూట్లు) ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. ఈ నేలకు 9 మిల్లీమీటర్ల పిన్నులు బాగుంటాయి, వాన పడ్డాక 12. సింథటిక్ ట్రాక్ మీద జరిగే మీట్‌కి వెళ్లేటప్పుడు 9 దాటనివ్వరు, హైజంప్, జావెలిన్‌లకు 12 వరకు ఒప్పుకుంటారు. పిన్నులు తిప్పే తాళం సంచిలో పెట్టుకోండి, కాలేజీ దగ్గరున్న ఒక్కటీ ఎప్పుడూ ఎవరి దగ్గరో ఉంటుంది.